ఆలస్యమైందేం?

సోమవారం, మధ్యాహ్నం

ప్రియమైన డీజిల్ గారికి,

చావు కబురు చల్లగా చెబుతున్నాను. నా పాత ఫోను పోయింది. కొట్లో కళ్లజోడు అద్దాలు అరగదీసే మిషను కింద నీళ్ల తొట్టి ఉంటుందే, అందులో పడింది. తీసి, తుడిచి, ఎండలో పెట్టాను. ఎదురు కొట్టు రిపేరు అన్నయ్య దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. "చెల్లెమ్మా, దీనికి కావలసింది రిపేరు కాదు, మోసే నలుగురు" అన్నాడు.

ఇంకో ఫోను ఆయనే ఇచ్చాడు. ఎవరూ వాడింది కాదట, అద్దాల బీరువాలో చూపించడానికి పెట్టిన ముక్కట. మెరుస్తోంది. కాకపోతే కంపెనీ వేరు, లోపల దాన్ని నడిపించే సిస్టమూ వేరు. నా పాతదానికీ దీనికీ చుట్టరికం లేదు.

మీ కొండ మీద ఫోను పెట్టుకోనివ్వరు. ఆకాశాన్ని వినే ఆ రేడియో టెలిస్కోపుల పెద్ద గిన్నెల చెవుల్లో ఒక్క ఫోను గుసగుస కూడా అరుపులా పడుతుందని మీరే చెప్పారు. కాబట్టి మీకు ఈ బాధ అర్థం కాదు. అయినా చెబుతాను, వినండి. పాతదానికి కింద మూడు గుర్తులుండేవి. వెనక్కి వెళ్లాలంటే ఒకటి, ఇంటికి వెళ్లాలంటే ఒకటి. దీనికి ఏమీ లేవు, బోడిగుండు. వెనక్కి వెళ్లాలంటే అంచు నుంచి వేలితో తోయాలి. ఎటు నుంచి తోయాలన్నది దాని ఇష్టం. తెరిచినవి మూసేయాలంటే పైకి విసరాలి. రాత్రి తడి బట్టలు దులిపినట్టు విసిరాను. మొదటి రెండు రోజులూ కొత్త కోడలు అత్తగారి వంటింట్లో ఉప్పు డబ్బా వెతుక్కున్నట్టే ఉంది నా పని.

సెట్టింగులు తెరిస్తే అన్నిటికన్నా పైన ఒక ఆడమనిషి పేరు కనిపిస్తుంది. ఎవరా అని కాసేపు చూశాను. తుఫానులకి పేర్లు పెడతారు కదా, అలాగే ఈ కంపెనీవాళ్లు ఒక్కో ఫోనుకీ ఒక్కో పేరు పెడతారేమో అనుకున్నాను. రిపేరు అన్నయ్య కూడా "పైన ఉన్నది కదిలించకు చెల్లెమ్మా, అన్నీ గడబిడవుతాయి" అన్నాడు. నేనెందుకు కదిలిస్తాను?

ఒక్క విషయం మాత్రం మెచ్చుకోవాలి. ఈ పొద్దున చెప్పులు వేసుకుంటుంటే తెర వెలిగింది. "గొడుగు" అని ఒక్క మాట. పక్కన ఖాళీ సున్నా. బయటికి చూస్తే ఎండ. అయినా పట్టుకెళ్లాను. కొట్టు చేరేలోపు కుండపోత. సున్నా మీద వేలు పెడితే టిక్కు పడింది. కాసేపటికి ఇంకో మాట వచ్చింది: "మంచిది."

మా యజమానికి చెబితే, "ఫోనుకి ఉన్నపాటి బుద్ధి నాకు లేదనా నీ ఉద్దేశం?" అన్నాడు. అవునని చెప్పలేదు.

వంటింటి కొళాయి మళ్లీ కారుతోంది. మీ చలి చొక్కా మీ కొండ ఎక్కే ఈ గురువారం బండిలోనే పంపిస్తున్నాను. బొత్తాలు కుట్టాను.

మీ
అద్దాలమ్మ


గురువారం, బండి వచ్చిన రోజు

ప్రియమైన అద్దాలమ్మకి,

చొక్కా అందింది. బొత్తాలు ఒక్కోటీ ఒక్కో రంగు. పైవాళ్లు నన్ను చూసి నవ్వుకుంటున్నారు. నీ కొట్లో చూపు పరీక్ష ముందు నువ్వు చేయించుకో.

ఫోను సంగతి చదివితే నవ్వూ వచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. గొడుగు గుర్తు చేయడానికి ఇంట్లో ఒక మొగుడుండాలి అనేదానివి. ఇప్పుడా ఉద్యోగమూ ఊడింది. ఇక నాకు మిగిలింది కొళాయి ఒక్కటే. అది కూడా ఫోను బాగుచేస్తే చెప్పు, ఇక్కడే ఉండిపోతాను.

ఇక్కడ అంతా మామూలే. రెండో జనరేటరు దగ్గుతోంది. దాని గొట్టం విప్పి శుభ్రం చేసేసరికి నేను కూడా దగ్గుతున్నాను. కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది, చిన్న సైంటిస్టు అంటున్నారందరూ. మన పెద్ద మేనకోడలి వయసుంటుంది. రోజంతా గిన్నెల ముందు కూర్చుని కాగితాలు చూసుకుంటుంది. "ఏం వినపడుతుందమ్మా?" అంటే, "ఎప్పుడో ఆరిపోయినవాటి వెలుగండీ, ఇప్పుడే చేరుతోంది" అంటుంది. అన్నం వేళకి అలాంటి మాటలు వద్దమ్మా అన్నాను.

ఫోనుకి తుఫాను పేరు నాకు నచ్చింది. దగ్గే జనరేటరుకి మీ అమ్మగారి పేరు పెడదామనుకున్నాను. మళ్లీ నువ్వు చదువుతావని మానేశాను.

నీ
డీజిల్ మనిషి


శనివారం

ప్రియమైన డీజిల్ గారికి,

మా అమ్మ పేరు జోలికి వెళ్లకండి. ఆవిడ దగ్గు మీకు తెలియదు.

ఫోను నాకు బాగా అలవాటైంది. వేళ్లే దారి వెతుక్కుంటున్నాయి. కానీ ఇది పాతదానిలా నోరు మూసుకుని ఉండే రకం కాదు. రోజూ ఏదో ఒకటి చెబుతుంది. పొద్దున "గ్యాస్ కట్టేశావా?" మధ్యాహ్నం "తిన్నావా?" సాయంత్రం "మాత్ర." నేను ఏ మాత్రలూ వేసుకోను కదా, కానీ అన్నిటికీ టిక్కు పెట్టేస్తాను. పెట్టకపోతే మళ్లీ మళ్లీ అడుగుతుంది. పెడితే, "మంచిది" అంటుంది. ఒక్కోసారి "సరే, జాగ్రత్త" అంటుంది.

మీతో చెప్పకూడదు గానీ, నాకు బాగుంది. ఇంటికి చేరి తాళం తీసేసరికి ఎప్పుడూ "వచ్చేశావు" అని వెలుగుతుంది. మీరు వెళ్లాక ఈ ఇంట్లో నాకు ఎదురు మాట పలికింది కారే కొళాయి ఒక్కటే.

రెండు సంగతులు మాత్రం కొరుకుడు పడలేదు.

ఒకటి, రాసేటప్పుడు. ఈ సిస్టంలో మనం ఒక మాట కొడితే తర్వాతి మాట అదే అందిస్తుంది. నేను ఏం రాయబోతున్నానో దానికి ముందే తెలుసట. యజమానికి "నేను బయల్దేరాను" అని రాయబోయాను. "నేను" కొట్టగానే "బాగానే" అని ఇచ్చింది. ఏం చేస్తుందో చూద్దామని అదే నొక్కాను. "ఉన్నాను" అంది. నొక్కాను. "ఏడవకు" అంది. మళ్లీ నొక్కాను. "ఆపరేషన్" అంది. అక్కడ ఆపేశాను. ఎవరో చీకట్లో నా చెయ్యి పట్టుకుని రాయిస్తున్నట్టు అనిపించింది. ఊళ్లో అందరూ ఇవే మాటలు రాసుకుంటారా? కంపెనీవాళ్లు లెక్క కట్టి పెట్టి ఉంటారు.

రెండోది, దారి. పటంలో "ఇల్లు" అని ఒక గుర్తుంటే నొక్కాను. మన వీధి చూపించలేదు. నీళ్ల ట్యాంకు వెనక ఏదో సందులోకి తీసుకెళ్తోంది. ఎంత తెలివైన ఫోనైనా ఎక్కడో ఒకచోట తప్పటడుగు వేస్తుంది కదా అని నవ్వుకున్నాను.

నిన్న చిన్న సరదా జరిగింది. సరదానో కాదో మీరే చెప్పండి. యజమాని కూతురు కొత్త బట్టలు కొనుక్కోవాలంటూ నన్నూ తోడు తీసుకెళ్లింది. ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. తలుపు తీస్తుంటే చేతిలో ఫోను వెలిగింది.

"ఆలస్యమైందేం?"

దానికి టిక్కు ఎలా పెట్టాలో తెలియక అలాగే వదిలేశాను.

మీ
అద్దాలమ్మ


గురువారం

అద్దాలమ్మా,

ఈ ఉత్తరం అందగానే పూర్తిగా చదువు. నవ్వులాట ఏమీ లేదు ఇందులో.

నీ ఉత్తరంలో ఆ రెండు సంగతులూ చిన్న సైంటిస్టుకి చదివి వినిపించాను. ఆ అమ్మాయి ఇంటి దగ్గర వాడేది అదే కంపెనీ ఫోనట. మొదట నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి, కాగితం అడిగి తీసుకుని తానే చదువుకుంది.

ఆమె చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను. వాన పడుతుందని ఫోను చెబుతుంది, నిజమే. ఇంటికి ఎంతసేపు పడుతుందో కూడా చెబుతుంది. కానీ "మంచిది" అనదు. "ఆలస్యమైందేం" అని ఏ ఫోనూ అడగదు. "అంకుల్, అలాంటి సిస్టం ఇంకా పుట్టలేదు" అంది.

మాటలు అందించే సంగతి ఇంకా చెడ్డది. అది ఊళ్లో అందరి మాటలూ కాదట. ఆ ఫోనులో ఎవరు రాస్తే వాళ్ల మాటలే నేర్చుకుంటుందట. "ఆంటీ ఎప్పుడైనా ఏడవకు అని రాశారా? ఆపరేషన్ అని రాశారా?" అని అడిగింది. నువ్వు రాయలేదు కదా. మరి ఎవరు రాశారు?

పైన ఉన్న పేరు తుఫాను పేరు కాదు. ఆ ఫోను ఎవరిదో వాళ్ల పేరు. "ఇల్లు" కూడా వాళ్లదే. పటం తప్పటడుగు వేయలేదు. ఆ ఖాతా చెరపకుండా నీకు అమ్మారు. అందులో ఇంకొకరికి కూడా వాటా ఉంటే, నువ్వు ఎక్కడున్నావో వాళ్లకి చుక్కలా కనిపిస్తుందట. నువ్వు ఎప్పుడు బయల్దేరావో, ఎప్పుడు చేరావో, ఏ వీధిలో ఉంటున్నావో.

నువ్వు ఒక్కదానివే ఉంటున్నావు. ఆ సంగతి కూడా ఈపాటికి వాళ్లకి తెలిసి ఉంటుంది.

ఎవరో నీతో మాట్లాడుతున్నారు. నువ్వు రోజూ టిక్కులు పెట్టి జవాబిస్తున్నావు. ముందు దాన్ని ఆపెయ్. రిపేరువాడి దగ్గరికి వెళ్లి మెడ పట్టుకుని అడుగు. నాకు ఇప్పుడు సెలవు దొరకదు, బదులు మనిషి రావాలి. పైవాళ్లకి దరఖాస్తు పెట్టాను.

నీ
మనిషి


బుధవారం

ప్రియమైన మీకు,

ఈ వారం మీ ఉత్తరం ఇంకా చేరలేదు. రేపటి బండికి ఇది ఇచ్చేయాలని రాస్తున్నాను.

నిన్న జరిగింది వరసగా చెబుతాను. నేను భయపడి ఊహించుకున్నానని మీరనుకోకూడదు. అందుకని చూసినవి మాత్రమే రాస్తాను.

ఆసుపత్రిలో ఒక పెద్దాయన కళ్లజోడు విరిగింది. కొత్తది చేసి ఇచ్చి రమ్మని యజమాని నన్ను పంపాడు. ఆసుపత్రి వంతెన అవతల కదా, నడిచే బయల్దేరాను. పట్టపగలు. వంతెన ఎక్కక ముందే తెర వెలిగింది.

"అటు వద్దు."

నేను నడుస్తూనే ఉన్నాను. వంతెన మొదట్లో ఇంకోటి.

"వంతెన దాటకు."

పక్కన చేపల వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఉంటే, "తాతా, వంతెన బాగానే ఉందా? ఏమైనా మరమ్మతులా?" అని అడిగాను. "నాకన్నా గట్టిగా ఉంది, పో" అన్నాడు. సగం దాటేసరికి ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి. చదివేలోపు పైకి జరిగిపోతున్నాయి. అన్నీ ఒకటే మాట. "వెనక్కి రా. వెనక్కి రా."

అప్పుడు అరిచింది.

ఫోనుకి నేను గొంతు నొక్కేసే పెట్టాను, కొట్లో మోగితే యజమాని ఊరుకోడు. మోగే అవకాశమే లేదు. అయినా అరిచింది. మామూలు రింగు కాదు. లోహం మీద లోహంతో కొట్టినట్టు, ఆగి ఆగి. జనం తిరిగి చూస్తున్నారు. నొక్కి ఆపితే ఆగుతుంది, అడుగు ముందుకు వేస్తే మళ్లీ అరుస్తుంది. ఒక తల్లి తన బిడ్డని పక్కకి లాక్కుంది.

వెనక్కి తిరిగాను. నాలుగు అడుగులు వేయగానే ఆగిపోయింది. తెర మీద ఒక్క మాట.

"మంచిది."

కళ్లజోడు ఆటో అబ్బాయికి ఇచ్చి పంపాను. ఇంటికొచ్చి ఫోను కట్టేసి, బియ్యం డబ్బాలో అడుగున పెట్టి మూత బిగించాను. నవ్వకండి. ఆ తర్వాత వంటింట్లో దీపం ఆర్పకుండా పడుకున్నాను.

ఈ పొద్దున కొట్టుకి వెళ్లే ముందు ఒక్కసారి వెలిగించి చూశాను. వరసగా వచ్చి ఉన్నాయి.

"ఎక్కడున్నావు?"

"కోపమా?"

"వెళ్లాలంటే వెళ్లు. నేనేమీ అనను. కనిపించు చాలు."

ఇది సిస్టం కాదని నాకు తెలుస్తోంది. ఏమిటో మాత్రం తెలియడం లేదు.

మీ
అద్దాలమ్మ


గురువారం

అద్దాలమ్మా,

బండివాడు కిందే నిలబడి ఉన్నాడు, రెండు ముక్కలే రాస్తాను. నా కిందటి ఉత్తరం నువ్వు ఇది రాసి పంపాక చేరి ఉంటుంది. అది చదివితే అంతా తెలుస్తుంది.

ఫోను వెంటనే చెరిపేయించు. ఎవరో తెలుసుకోవాలనుకోకు. నీ సంగతి నాకు తెలుసు, సగం తెలిసిన విషయం నీకు పంటి కింద రాయి. ఈ ఒక్కసారి ఆ రాయి ఉమ్మేసెయ్. ఆ "ఇంటి" వైపు వెళ్లకు.

మీ పుట్టింటి అన్నయ్యనో, యజమాని కూతురినో వచ్చి మనింట్లో పడుకోమను. బదులు మనిషి వచ్చే వారం వస్తాడట.

నీ మనిషి


ఆదివారం, సాయంత్రం

ప్రియమైన మీకు,

మీ రెండు ఉత్తరాలూ అందాయి. మీరు వెళ్లొద్దన్నారు. వెళ్లాను. ముందు తిట్టండి, తర్వాత చదవండి.

మీ మొదటి ఉత్తరం పట్టుకుని రిపేరు అన్నయ్య కొట్టుకి వెళ్లాను. తలుపు మూసి, బల్ల మీద పెట్టి చదువుకోమన్నాను. చదివి, నా ముఖం చూడకుండా స్క్రూలు ఏరుకుంటూ కూర్చున్నాడు.

"బీరువాలో ముక్క అన్నావే అన్నయ్యా?"

"బీరువాలో పెట్టింది నిజమే చెల్లెమ్మా. ముందు ఒకాయన తెచ్చి ఇచ్చాడు. భార్య పోయిందట. ఫొటోలూ నంబర్లూ ఆయనే తీసేశాడు. ఖాతా మాత్రం తీయొద్దన్నాడు. ఎవరైనా ఆడమనిషికే ఇవ్వమన్నాడు. రోజూ పనికి వెళ్లొచ్చే మనిషికి. పాపం, ఏదో ఆశ అనుకున్నాను. ఇలా వెంటపడతాడని నాకేం తెలుసు?"

"నన్నే ఎందుకు అనుకున్నావు?"

"నీకు ఆ సిస్టం తెలియదు కదా" అన్నాడు.

ఆ మాట తర్వాత ఆయన్ని వదలబుద్ధి కాలేదు. "స్కూటరు తియ్యి" అన్నాను. పటంలో "ఇల్లు" నొక్కాను. నీళ్ల ట్యాంకు వెనక సందు మొదట్లో ఆయన్ని నిలబెట్టి, నా గొంతు వినపడితే రమ్మని చెప్పి లోపలికి నడిచాను. అప్పటికి మధ్యాహ్నమే, వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు.

ఏ ఇల్లో వెతకాల్సిన పని లేకపోయింది. ఒక ఇంటి తలుపు తీసి, గుమ్మంలో ఒకాయన నిలబడి ఉన్నాడు. మీ వయసే ఉంటుంది. ఇస్త్రీ చొక్కా. చేతిలో పలక లాంటి పెద్ద తెర. నేను సందు తిరగడం ఆయన అందులో చూశాడు. నేను దగ్గరికి వచ్చాక కూడా నా ముఖం చూడలేదు. నా సంచి వైపు చూస్తున్నాడు.

"రండి" అన్నాడు. సంచితోనే అన్నాడనిపించింది.

లోపల ఒక ముసలావిడ కుర్చీలో కూర్చుని ఉంది. గదిలో దుమ్ము లేదు. గోడకి ఆడవాళ్ల చేతిసంచి ఒకటి వేలాడుతోంది. ఆయన గొంతు తగ్గించి నాతో గబగబా చెప్పాడు.

"మా అత్తగారండి. కూతురు పోయిందని ఆవిడకి చెప్పలేదు. వంతెన అవతల ఆసుపత్రిలో ఆపరేషన్ అని వెళ్లింది, రాలేదు. ఆవిడ తట్టుకోలేరు. ఆ గొడుగు, మాత్ర అన్నీ అత్తగారే రాస్తారు, ఇందులోంచి. మొన్న వంతెన మీద మోగించిందీ ఇందులోంచే. చుక్క కదులుతుంటే చూసుకుని నిమ్మళంగా ఉంటారు. మొదట రాసిన గొడుగు పక్కనే టిక్కు పడింది. అది చూశాకే ఆవిడ ముద్ద నోట పెట్టారు. దయచేసి చెరపకండి. మీకు ఏ ఇబ్బందీ రానివ్వను. మీరు రోజూ వెళ్లి, రోజూ ఇంటికి చేరితే చాలు."

నేను నోరు తెరిచేలోపు, "టీ పెడతాను" అని లోపలికి వెళ్లాడు.

ఇంతకాలం ఫోనులో దయ్యముందని నేను భయపడ్డాను. ఈ ఇంట్లోవాళ్లకి దయ్యాన్ని నేనే. వీధిలో నడిచిందీ, టిక్కులు పెట్టిందీ, వంతెన ఎక్కి ప్రాణాలు తీసిందీ నేనే. అది తలకెక్కేసరికి ఆ ముసలావిడ పక్కన కూర్చున్నాను. ఏం చెప్పాలా అని ఆవిడ కళ్లలోకి చూశాను. రెండు కళ్లలోనూ పాల తెరలు. ఎదురుగా కిటికీ వెలుగు పడుతున్నా రెప్ప కదలడం లేదు.

"ఎవరమ్మా?" అంది.

"మీ అమ్మాయి ఫోను నా దగ్గర ఉందండి."

ఆవిడ చెయ్యి గాల్లో వెతుక్కుని నా మోచెయ్యి పట్టుకుంది.

"నువ్వా తల్లీ. కళ్లజోళ్ల కొట్లో పని చేస్తావట కదా. రోజూ వింటున్నాను నీ గురించి."

"మీరు రాస్తారని చెప్పారాయన."

"నేనా? నాకు పగలూ రాత్రీ ఒకటై చాలాకాలమైంది. ఆ పలక ఎటు తిప్పి పట్టుకోవాలో కూడా తెలియదు." వంటింటి వైపు చెవి పెట్టి, కప్పుల చప్పుడు వినపడ్డాక మళ్లీ అంది. "అది పోయినప్పుడు మంచం పక్కన ఉన్నది నేనే. దాని చెయ్యి చల్లబడటం నాకే తెలిసింది. తెలియనిది అబ్బాయికే. రోజూ నా పక్కన కూర్చుని చదువుతాడు. అత్తయ్యా, బయల్దేరింది. అత్తయ్యా, కళ్లజోళ్ల కొట్టు చేరింది. అత్తయ్యా, ఇల్లు చేరింది. నేను ఊఁ అంటాను. ఊఁ అనకపోతే కంచం ముట్టడు. ఏ ఇల్లు చేరింది నాయనా అని ఒకరోజు అడిగాను. మనిల్లే కదా అన్నాడు. ఇంకెప్పుడూ అడగలేదు."

ఆవిడ కోసమని ఆయన, ఆయన కోసమని ఆవిడ. మధ్యలో చుక్కనై నేను. ఒకటి చెప్పనా? వచ్చేదాకా నాకు కోపం ఉంది. అది ఆ గదిలో ఎక్కడ జారిపోయిందో తెలియదు. భయం మాత్రం పోలేదు. పెరిగింది.

ఆయన టీ తెచ్చాడు. పళ్లెంలో కప్పులు నాలుగున్నాయి. నేను నాలుగోదాని వైపు చూశాను. ఆయన దాన్ని ఎవరూ కూర్చోని కుర్చీ ముందు పెట్టాడు.

నేను సంచిలోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాను. "బాబూ, ఇది నేను తీసుకెళ్లను. మీ ఆవిడది మీ ఇంటికి వచ్చేసింది. చెరిపేది మీరే చెరపండి" అన్నాను. అరవలేదు. అరిస్తే స్కూటరు వచ్చేస్తుందని కూడా గుర్తుంది నాకు.

ఆయన ఒడిలో పలక వెలిగింది. పటం మీద ఆ పేరుతో చుక్క. చుక్క కింద ఇన్నాళ్లూ మన వీధి పేరో, కొట్టు వీధి పేరో ఉండేది కాబోలు. ఇప్పుడు ఫోను పలక పక్కనే ఉండేసరికి అక్కడ వేరే అక్షరాలు వచ్చాయి. ఆయన వాటిని దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు. ముఖం ఎలా వెలిగిందంటే, నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

"అత్తయ్యా" అన్నాడు. "మీతోనే ఉంది, అని చూపిస్తోంది. మనతోనే ఉందట."

ఆవిడ ఊఁ అనలేదు.

ఆయన ఆగాడు. మళ్లీ చదివాడు, ఈసారి గట్టిగా. "మీతోనే ఉంది. అత్తయ్యా, వింటున్నారా?"

ఆవిడ నా మోచెయ్యి ఇంకా పట్టుకునే ఉంది. పెదవులు గట్టిగా బిగించింది. ఒక్క ఊఁ ఎంత సులువైన మాటో, దాన్ని అనకుండా ఉండటానికి ఒక మనిషి ఎంత బలం పెట్టాలో నేను పక్కనుండి చూశాను. టీలు చల్లారిపోయాయి. ఆయన ఆవిడ ముఖం వైపు చూస్తూనే ఉన్నాడు. చూసి చూసి, మొదటిసారి నా ముఖం వైపు చూశాడు. నేనెవరో ఆయనకి అప్పుడు తెలిసింది. ఎవరినీ కానని.

పలక పక్కన పెట్టి ఫోను తీసుకున్నాడు. సెట్టింగుల్లో చివరికి వెళ్లాడు. అన్నీ చెరిపేయాలా అని అడిగింది. నొక్కాడు. నిజంగానా అని మళ్లీ అడిగింది. బొటనవేలు చాలాసేపు గాల్లో ఉంది. నొక్కాడు.

తెర నల్లబడి, ఎప్పటికో వెలిగింది. పలకరింపు వచ్చింది. ఒక భాషలో, తర్వాత ఇంకో భాషలో, తర్వాత మన భాషలో. ఎవరినీ ఎరగని పలకరింపు. ఆయన రెండు చేతులతో పట్టుకుని వాటన్నిటినీ వరసగా చదువుతున్నాడు. నేను లేచి వచ్చేశాను. నన్ను ఎవరూ ఆపలేదు.

స్కూటరు మీద రిపేరు అన్నయ్య, "ఏమైంది చెల్లెమ్మా?" అని దారి పొడుగునా అడిగాడు. "వేరేది ఇస్తాను, సీలు తీయనిది, డబ్బా నీ ముందే విప్పుతాను" అన్నాడు. కొన్నాళ్లు వద్దన్నాను.

వీధి మొదట్లో దిగి నడిచి వచ్చాను. తాళం తీశాను. ఇల్లంతా చీకటి. చేతిలో ఏమీ వెలగలేదు. అరచెయ్యి తిప్పి చూసుకుంటూ గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డానో. నేను చేరిన సంగతి ఈ లోకంలో ఎవరికీ తెలియదు. మీకు కూడా గురువారం బండి వచ్చేదాకా తెలియదు. అందుకని దీపం వేసి, చెప్పులు కూడా విడవకుండా కూర్చుని రాస్తున్నాను.

ఇంటికి చేరాను.

మీ
అద్దాలమ్మ